కొత్త ఇంట్లో కళ్ళమంటలా? కబోర్డుల ఘాటు కావచ్చు

బాన్సువాడ: ముహూర్తం దగ్గరపడితే వడ్రంగులు రాత్రింబవళ్ళు పనిచేసి కబోర్డులు, వంటింటి అరలు బిగిస్తారు. తెల్లవారితే గృహప్రవేశం. పాలు పొంగించిన నాటి రాత్రే చంటిపిల్లలతో సహా కొత్త గదిలో తలుపులు మూసుకొని పడుకొంటారు. నాలుగు రోజులకు కళ్ళమంట, గొంతు గరగర, పొడిదగ్గు మొదలవుతాయి. దిష్టి తగిలిందని ఒకరు, నీళ్ళు మారాయని ఒకరు సరిపెట్టుకొంటారే తప్ప కబోర్డులను ఎవరూ అనుమానించరు.

పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్., చౌకరకం ప్లైవుడ్ తయారీకి వాడే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కాలేజీ ప్రయోగశాలల్లో కప్పలను సీసాల్లో నిలవ ఉంచే ఫార్మలిన్ ఈ వాయువును నీటిలో కలిపి చేసినదే. బై.పి.సి. చదివినవారు ఆ ఘాటు మరచిపోరు. కొత్త చెక్క నుంచి ఇది నెలల తరబడి వెలువడుతుంది. ఎండ, ఉక్క పెరిగినకొద్దీ ఎక్కువవుతుంది. అమెరికాలో 2005 నాటి కత్రినా తుపాను బాధితులకిచ్చిన ట్రెయిలర్ ఇళ్ళలో ఈ వాయువు ఎక్కువగా ఉన్నట్లు 2008లో తేలగా, ఎండలు ముదరకముందే వారిని తరలించాలని అక్కడి ఆరోగ్యాధికారులు సూచించారు. మే నెలలో బాన్సువాడ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఇది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

ఊరికి వెళ్ళినప్పుడు తగ్గిన దగ్గు, కళ్ళమంట ఇంటికి రాగానే తిరగబెడితే అనుమానించాలి. ఇంట్లోవారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వచ్చిన చుట్టాలను అడగడమే మేలు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం వస్తే ఆలస్యం చేయక బయటి గాలికి తీసుకువచ్చి డాక్టరుకు చూపాలి.

వాసన పోవాలని అగరుబత్తులు వెలిగించడం అగ్నికి ఆజ్యం పోయడమే. ఆ పొగలోనూ ఇదే వాయువు ఉంటుంది. ఒక్క దోమల కాయిల్ కాలితే 51 సిగరెట్లకు సమానమైన ఫార్మాల్డిహైడ్ వెలువడవచ్చునని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

ఎదురెదురు కిటికీలు తెరచి, కబోర్డు తలుపులు తీసి ఉంచి గాలి ఆడనివ్వాలి. చెక్క కోసిన అంచులను, వెనుక భాగాలను పచ్చిగా వదలక సన్‌మైకాతో మూయించాలి. ఈ పనీ కాపురానికి ముందే జరగాలి. బోర్డు కొనేటప్పుడు ఇ-1 రకం అడగాలి. కమర్షియల్ ప్లైవుడ్ కన్నా బి.డబ్ల్యు.పి. రకంలో ఈ బెడద తక్కువ, ధర మాత్రం ఎక్కువ.

పాలు ముహూర్తానికి పొంగించి, కాపురం కొన్ని వారాలాగి పెట్టవచ్చు. అద్దె ఇంట్లో మరో నెల ఉండడం భారమైనవారు కనీసం పిల్లలను కొత్త కబోర్డులున్న గదిలో పడుకోబెట్టకూడదు.