మందుబిళ్ళయు, కాఫీ గ్లాసును

తెలుగునాట తెల్లవారుట కోడికూతతో గాక కాఫీ వాసనతో తెలియు ఇండ్లు లెక్కకు మిక్కిలిగా నున్నవి. డికాక్షనులో చిక్కని వేడిపాలు పోసి, గ్లాసునుండి గిన్నెకును, గిన్నెనుండి గ్లాసునకును తిరుగబోసి, నురుగు తేలగానే త్రాగినగాని ఆ ఇండ్లలో దినచర్య ఆరంభము కాదు. చుట్టము వచ్చినచో మంచినీళ్ళ తరువాత మొదటి మర్యాద కాఫీయే. ఇట్టి ఇంట ఒకరికి రక్తపుపోటో, మధుమేహమో, థైరాయిడ్ లోపమో ఏర్పడినదని వైద్యుడు చెప్పిన నాడు, మందుల ధర కంటె ముందుగా ఆ మనిషి నోట వచ్చు ప్రశ్న ఒకటి కలదు: "ఇక కాఫీ మానవలెనా?"

ఈ ప్రశ్నకు ఇరుగుపొరుగుల నుండి వచ్చు సమాధానములు రెండు విధములు. కాఫీ విషమని కొందరు, సర్వరోగనివారిణి యని మరికొందరు. రోగి మొదటివారి మాట విని నాలుగు దినములు మానును. తలనొప్పి భరింపలేక ఐదవ దినమున చాటుగా త్రాగును. వైద్యుడు అడిగినచో "మానివేసితిని" అని చెప్పును. కాఫీ వలన కలుగు హాని కంటె ఈ దాపరికము వలన కలుగు హాని పెక్కుసార్లు పెద్దది.

కాఫీకి ఉత్తేజము నిచ్చు గుణము కెఫీను వలన వచ్చినది. 1819లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగే, మహాకవి గోథే యిచ్చిన కాఫీ గింజల నుండి దీనిని వేరుచేసెను. మనము మేలుకొని యున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొనుచు, తనకు నియతమైన స్థానములలో చేరి అలసటను తెలియజేయుచుండును. కెఫీను ఆ స్థానములను ముందుగా నాక్రమించును. అనగా అలసట తీరలేదు. అలసిన కబురు చేరలేదు. త్రాగిన కెఫీనులో సగము శరీరమునుండి తొలగుటకు ఆరోగ్యవంతునకు సుమారు 5 గంటలు పట్టును. పొగత్రాగువారిలో ఇది త్వరగా జరుగును; గర్భిణులలోను, కాలేయము చెడినవారిలోను మిక్కిలి ఆలస్యమగును. సాయంకాలపు కాఫీ ఒకరికి ఉల్లాసమై, వేరొకరికి రాత్రి జాగరణమగుటకు ఇట్టి భేదములే కారణము.

రక్తపుపోటు సంగతి చూడుడు. అలవాటు లేనివారు కాఫీ త్రాగినచో అరగంట మొదలు రెండు గంటల వరకు పోటు 5 నుండి 10 మిల్లీమీటర్ల దాక పెరుగవచ్చును. నిత్యము త్రాగువారిలో ఈ పెరుగుదల చాలవరకు తగ్గిపోవును. కాని ఆస్పత్రి ఎదుటి హోటలులో వేడికాఫీ త్రాగి, వెంటనే వైద్యుని ముందు చేయి చాచువారికి లేని పోటు కనబడి మందు పెరుగు ప్రమాదము కలదు. పరీక్షకు ముందు కనీసము అరగంట కాఫీ ముట్టరాదు. పోటు మిక్కిలి హెచ్చుగా నున్నవారును, గుండె లయ తప్పువారును తమ పరిమితిని వైద్యుని యడిగియే నిర్ణయించుకొనవలెను.

థైరాయిడ్ లోపమున చిక్కు వేరు. ఒక ఉపాధ్యాయురాలిని ఊహించుకొనవచ్చును. ఆమె ఐదు గంటలకు లేచును. వంట, పిల్లల క్యారేజీలు, ఎనిమిది గంటల బస్సు. బిళ్ళ మరచిపోకుండుటకై సీసాను కాఫీపొడి డబ్బా ప్రక్కనే ఉంచుకొని, కాఫీ మొదటి గుక్కతో ప్రతిదినము మ్రింగును. ఆమె నిష్ఠలో లోపము లేదు. ఐనను నెలలు గడచినను అలసట తగ్గదు. నాలుగవ పీరియడు నాటికి నల్లబల్ల యెదుట నిలువలేదు. రక్తపరీక్షలో అంకె దిగదు. మందు పనిచేయుట లేదని ఆమెకును, మందు సరిగా వేసుకొనుట లేదని వైద్యునకును అనుమానము. మోతాదు మాత్రము పెరుగుచుండును.

దోషము గ్లాసులో నున్నది. లెవోథైరాక్సిన్ అను ఆ మందు కాఫీతో కలసినచో ప్రేగులలో సరిగా ఇంకదు. నీటితో వేసుకొన్నప్పటి కంటె కాఫీతో వేసుకొన్నప్పుడు అది తక్కువగా ఇంకుచున్నదని 2008లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో తేలినది. పరగడుపున మంచినీళ్ళతో బిళ్ళ మ్రింగి, అరగంట మొదలు గంట వరకు ఆగి కాఫీ త్రాగవలెను. ఈ మార్పు చేసినవారు వైద్యునకు తప్పక చెప్పవలెను. ఏలయన పెంచిన మోతాదు అంతయు ఇప్పుడు ఒంటబట్టును. అది ఎక్కువై గుండెదడ పుట్టవచ్చును. కొన్ని వారముల పిదప తిరిగి రక్తపరీక్ష అవసరము.

రక్తహీనత గలవారికిని వేళయే ముఖ్యము. ఇచ్చట దోషి కెఫీను కాదు, కాఫీ టీలలోని ఒగరు పదార్థములు. ఇవి ఆహారములోని ఇనుమును పట్టి యుంచును. 1983లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, భోజనముతో కాఫీ త్రాగినప్పుడు ఇనుము ఇంకుట 39 శాతమును, టీ త్రాగినప్పుడు 64 శాతమును తగ్గెను. భోజనమునకు గంట ముందు త్రాగిన కాఫీ అడ్డుపడలేదు. గంట తరువాత త్రాగినది అడ్డుపడెను. టిఫినుతో పాటే కాఫీ త్రాగి బడికి వచ్చు బాలికల విషయమున తల్లులు గమనింపదగిన సంగతి యిది.

మధుమేహరోగికి మొదటి శత్రువు చక్కెర. గ్లాసునకు రెండు చెంచాల చొప్పున దినమునకు మూడు గ్లాసులైనచో సుమారు 30 గ్రాముల చక్కెర లోనికి పోవును. ఏండ్ల తరబడి కాఫీ త్రాగువారిలో మధుమేహము తక్కువగా కనబడినదని పెక్కు పరిశీలనలు చెప్పుచున్నను, కెఫీను తాత్కాలికముగా ఇన్సులిను పనిని మందగింపజేయును. వ్యాధి వచ్చినవారు తమ రక్తములోని చక్కెరను తామే పరీక్షించి చూచుకొనుట మేలు. ఉబ్బసమునకు థియోఫిలిన్ వాడువారు మరింత జాగరూకులై యుండవలెను. ఆ మందు కెఫీనునకు తోబుట్టువు వంటిది. రెండును కూడినచో చేతులు వణకును, గుండె దడదడలాడును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకములు కెఫీనునకు దినమునకు 300 మిల్లీగ్రాముల పరిమితిని సూచించినవి. వాని ప్రకారము 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాములు కెఫీను ఉండును. భోజనమునకు ముందును, తరువాతను కనీసము గంటసేపు వీనిని త్రాగవలదని కూడ అవి చెప్పుచున్నవి. కాఫీపొడిలో కలియు చికోరీలో కెఫీను లేదు. గింజల పాలు హెచ్చిన కొలది బలము హెచ్చును.

తగ్గింపదలచినవారు ఒక్కుమ్మడిగా మానరాదు. మానిన 12 నుండి 24 గంటలలో తలనొప్పి, చిరాకు, మగత ఆరంభమై, కొందరిలో వారము దాటువరకు బాధించును. కొన్ని దినములకు ఒక అరగ్లాసు చొప్పున తగ్గించుకొనుచు వచ్చినచో ఈ బాధ తప్పును.

దీర్ఘవ్యాధి మనిషినుండి పెక్కు సుఖములను తీసికొనును. మిఠాయి పోవును, ఉప్పు తగ్గును, రాత్రి మేలుకొని ముచ్చటించుట పోవును. అట్టివానికి మిగిలిన ఒక్క గ్లాసును కారణము లేక లాగుకొనుట వైద్యము కానేరదు. "దినమునకు ఎన్ని కాఫీలు? ఏ వేళ? మందుకు ముందా, వెనుకనా?" అని వైద్యుడు అడుగవలెను, రోగి దాచక చెప్పవలెను.

ఆ ఉపాధ్యాయురాలు చేయవలసినది స్వల్పము. మందుసీసాను కాఫీపొడి డబ్బా ప్రక్కనుండి తీసి, పడక దగ్గర నీళ్ళచెంబు ప్రక్కన ఉంచుకొనవలెను. ఐదు గంటలకు లేచి బిళ్ళ మ్రింగినచో, వంట ముగిసి ఆరు దాటునప్పటికి కాఫీ త్రాగుటకు ఏ అభ్యంతరమును లేదు.