తాను మీది టికెట్

అరచేతిలో పట్టేంత కాగితం. నడుమ తామరపువ్వులో లక్ష్మీదేవి, అటూ ఇటూ ఏనుగులు. చీర అంచుకు వేసిన బంగారు రంగు ఇప్పటికీ తళుక్కుమంటుంది. వేలితో తడిమితే నగలు ఉబ్బెత్తుగా తగులుతాయి. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో మాంచెస్టరు కంపెనీ పేరు. ఇది పూజగదికి వేసిన పటం కాదు, మిల్లు బట్ట తాను మీద అంటించిన చీటీ. వ్యాపారులు దీన్ని టికెట్ అనేవారు. టీకా, ఛాప్ అన్న పేర్లూ ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ మిల్లుల బట్ట ఓడలకొద్దీ మన రేవుల్లో దిగింది. తానులన్నీ ఒకేలా కనిపిస్తే ఏది ఏ కంపెనీదో కొనేవాళ్ళకు తెలిసేదెలా? ఇంగ్లీషు చదవలేని చోట బొమ్మే పేరయింది. ఏనుగు బొమ్మ తాను కావాలంటే దుకాణదారు అదే తీసి పరిచేవాడు. 1875లో బ్రిటన్ ట్రేడ్‌మార్కుల నమోదుకు చట్టం తెచ్చాక ఈ బొమ్మలకు హక్కులూ, వాటి మీద తగాదాలూ పెరిగాయి. రాలీ బ్రదర్స్, గ్రాహమ్స్ లాంటి సంస్థలు దేవతలనూ మహారాజులనూ పులులనూ రంగురంగుల లిథో అచ్చులో దించాయి.

బందరు (మచిలీపట్నం) ప్రాంతం వాళ్ళకు ఈ బొమ్మ కాస్త గుచ్చుకుంటుంది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో అడుగుపెట్టింది బట్ట కోసమే. మన అద్దకం బట్టకు యూరప్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి నేత పరిశ్రమను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1701లో ఒకసారి, 1721లో ఇంకోసారి కట్టడి చేసింది. తర్వాత కాలం తిరగబడింది. ఇక్కడి నేతగాళ్ళ పొట్టకొట్టిన బట్టే, వాళ్ళు మొక్కే దేవుణ్ణి ముందు పెట్టుకుని వచ్చింది.

1907లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి స్వదేశీ గురించి మాట్లాడారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ఆయన మిత్రులు ఇక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. 1921 జులై 31న బొంబాయిలో గాంధీజీ విదేశీ బట్టల కుప్పకు నిప్పంటించారు. చీటీ మీద లక్ష్మీదేవి ఉన్నా లోపలి తాను విదేశీదే. స్వదేశీ మిల్లులూ ఇదే దారి పట్టి భారతమాతనూ రాట్నాన్నీ తమ చీటీల మీదికి తెచ్చాయి.

మరి ఇలాంటి బొమ్మల్ని దాచుకోవచ్చా? ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. 1938లో అమెరికాలో ఒక బబుల్‌గమ్ కంపెనీ పిల్లలకు యుద్ధ బీభత్సం కార్డులు అమ్మింది. చైనా మీద జపాను దాడుల్లో చిందిన నెత్తురు, శవాలు వాటి మీద పచ్చిగా కనిపిస్తాయి. మొత్తం 288 కార్డులు. ఈనాటికీ సేకర్తలు వాటి కోసం వెతుకుతూనే ఉన్నారు. మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిల్‌గ్రిమ్ నల్లజాతివారిని కించపరిచే వస్తువుల్నే పోగుచేసి జిమ్ క్రో మ్యూజియం పెట్టారు. ద్వేషం ఎంత మామూలు సరుకుల్లో కలిసిపోయి ఇళ్ళలోకి వచ్చిందో విద్యార్థులకు చూపించాలన్నది ఆయన పట్టుదల. మన మిల్లు టికెట్లను బెంగళూరులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ సేకరించి ప్రదర్శించింది. బొమ్మతో పాటు దాని వెనకున్న వ్యాపారం కథ కూడా చెప్పడమే ఇలాంటి చోట్ల జరిగే మేలు. కథ వదిలేసి అందం ఒక్కటే అమ్మితే నేతగాడి నష్టం మళ్ళీ మరుగున పడుతుంది.

సేకరణకు కొన్ని మెళకువలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే పాత లిథో అచ్చులో చుక్కలు ఒక క్రమం లేకుండా, చేత్తో పెట్టినట్టు కనిపిస్తాయి. వరుస తప్పని చిన్న చిన్న చుక్కల గుంపులుంటే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు. డెల్టా తేమకు కాగితం త్వరగా బూజు పడుతుంది. లామినేషన్ చేయించకూడదు, సెల్లోటేపు అంటించకూడదు. ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టి, గాలి ఆడే చోట ఉంచాలి.

ఉయ్యూరు, గుడివాడ వైపు పాత ఇళ్ళ ట్రంకు పెట్టెల్లో పెళ్ళి చీరల అడుగున ఇలాంటి చీటీ దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడాలి. కొన్నిటికి ఎండిన జిగురులో నూలుపోగు ఇంకా అంటుకునే ఉంటుంది. దాన్ని గీకకూడదు. ఆ తాను ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో ఇంట్లో అమ్మమ్మకు గుర్తుంటే అడిగి, పెన్సిలుతో కవరు మీద రాసుకోవాలి.