నిప్పులోనుంచి లాగిన గిన్నె

పిల్లలూ! జపాను దేశపు పాత తేనీటి గిన్నె ఒకటి మీ ముందు పెట్టారనుకోండి. నల్లగా, గుండ్రటి డబ్బాలాగా ఉంటుంది. అంచు కాస్త ఎగుడుదిగుడు. పువ్వులు లేవు, బంగారు గీతలు లేవు. "ఓస్, ఇంతేనా!" అంటారు మీరు. కాని జపానువారు ఇలాంటి గిన్నెలను వందల ఏళ్లుగా గుడ్డసంచిలో ఉంచి, కొయ్యపెట్టెలో పెట్టి దాచుకుంటున్నారు. ఎందుకు?

ఈ రకం పేరు సెటో-గురో, అంటే సెటో నలుపు. 16వ శతాబ్దం చివరలో వీటిని చేశారు. వీటికి ఇనుము కలిసిన పూత పూస్తారు. ఆవంలో వేడి సుమారు 1200 డిగ్రీలకు చేరుతుంది. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయిగదా! ఆ వేడికి పూత కరిగి గాజులాగా అవుతుంది.

మామూలు పాత్రలనైతే ఆవం చల్లారిన తరువాత తీస్తారు. అలా నిదానంగా చల్లారితే ఈ పూత గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని గిన్నె ఎర్రగా కణకణలాడుతుండగానే కుమ్మరి పొడుగాటి పట్టుకారుతో పట్టి బయటికి లాగుతాడు. గిన్నె తటాలున చల్లారుతుంది. రంగు తిరగటానికి ఇక వ్యవధి ఉండదు. నిగనిగలాడే నలుపు నిలిచిపోతుంది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. ముందుగా లాగితే పూత సరిగా కరగదు. హఠాత్తుగా చల్లారటంలో గిన్నె పగిలినా పగలవచ్చు. ఎన్నోరోజుల శ్రమ ఏమయ్యేదీ ఆ కాసేపటిలో తేలిపోతుంది!

ఇంకొక వింత: పేరు సెటో అయినా, ఇవి పుట్టిన చోటు సెటో కాదు. 1930లో అరకావా తోయోజో అనే ఆయనకు, మినో ప్రాంతంలో ఒక పాడుబడిన ఆవం దగ్గర పాత పెంకు ఒకటి దొరికింది. అది షినో అనే తెల్లపూత పాత్రది. షినో కూడా సెటోలోనిదేనని అంతదాకా నమ్మేవారు. తరువాతి తవ్వకాలతో ఈ రెండు రకాలూ మినోవేనని రుజువైంది. అరకావా ఆ పాత పద్ధతులకు తిరిగి ప్రాణం పోశాడు. 1955లో జపాను ప్రభుత్వం ఆయనను, జనం "సజీవ జాతీయ నిధి" అని పిలుచుకునే గౌరవంతో సత్కరించింది.

ఇప్పుడు ఆ గిన్నెను మళ్లీ చూడండి. రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా తిప్పండి. పక్కన చిన్న మచ్చ కనిపిస్తే, అది పట్టుకారు పట్టిన గుర్తు కావచ్చు. అడుగున పూత అంటని చోట అసలు మట్టి రంగు తెలుస్తుంది. అందులో వెదురు కవ్వంతో చిలికిన ఆకుపచ్చ తేనీరు పోస్తే, ఆ నలుపులో ఆ పచ్చదనం ఎంత ముద్దుగా ఉంటుందో! పువ్వులు లేని లోటు ఇంకా కనిపిస్తున్నదా?