కదలని జీవి, ఆగని ధార

1825లో ఎడిన్‌బరో డాక్టరు రాబర్ట్ గ్రాంట్ చిన్న గాజుపళ్లెంలో సముద్రపు నీరు పోసి, అందులో బతికున్న స్పాంజి ముక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. దాని ఒంటిమీది రంధ్రం నుంచి నీరు ధారగా చిమ్ముతోంది, నలుసుల్ని కూడా వెంట మోసుకొస్తోంది. కళ్లు అలసిపోయేదాకా చూశాడు, ధార ఆగలేదు. స్పాంజి మొక్కా, జంతువా అని పండితులు వాదించుకుంటున్న రోజులవి. అది జంతువేనని తేలడానికి గ్రాంట్ పరిశీలనలు గట్టి పునాది వేశాయి.

స్పాంజికి గుండె లేదు, మెదడు లేదు, నరాలు లేవు, నోరూ లేదు. లార్వాగా కొద్దికాలం ఈదాక ఏ రాయికో అతుక్కుంటే ఇక బతుకంతా అక్కడే. తిండే దాని దగ్గరికి రావాలి. అందుకే ఒళ్లంతా సూక్ష్మరంధ్రాలు, లోపల సన్నని కాలువలు, గదులు. గదుల గోడల్లోని ఒక్కో కణానికీ కశాభం అనే సన్నని తోక ఉంటుంది. ఆ తోకలన్నీ కొట్టుకుంటుంటే బయటి నీరు లోపలికి వస్తుంది. తోక చుట్టూ జల్లెడలా ఉన్న పట్టీలో బాక్టీరియా చిక్కుకుంటుంది, మిగిలిన నీరు పెద్ద రంధ్రం గుండా బయటికి పోతుంది.

1907లో అమెరికా శాస్త్రవేత్త హెచ్.వి. విల్సన్ బతికున్న స్పాంజిని సన్నని పట్టుగుడ్డలో వేసి పిండాడు. కణాలు విడివిడిగా నీళ్లలో పడ్డాయి. చాలా జంతువులైతే అంతటితో సరి. ఇవి మాత్రం పాకుతూ ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి, కొన్నాళ్లకు మళ్లీ స్పాంజిగా మారాయి!

ఇప్పటికి 9,000కు పైగా స్పాంజి జాతులు లెక్కకు వచ్చాయి. కొన్నిటి అస్థిపంజరం సున్నపు పదార్థం, కొన్నిటిది గాజుకు మూలమైన సిలికా. స్నానానికి వాడే రకంలో ఉండేది మెత్తని పీచే. లోతు సముద్రంలోని ‘వీనస్ పూలబుట్ట’ లోపలికి చిన్నప్పుడే దూరిన రొయ్యల జంట పెద్దదయ్యాక బయటికి రాలేక, ఆ గాజు గూట్లోనే జీవితాంతం కాపురం చేస్తుంది. 1995లో శాస్త్రవేత్తలు మధ్యధరా సముద్రపు గుహలో ఒక మాంసాహార స్పాంజి సంగతి బయటపెట్టారు. అది నీరు వడకట్టడం మానేసి, కొక్కేలున్న తంతువులతో రొయ్యల జాతి చిరుజీవుల్ని పట్టి తింటుంది.

పారిపోలేవు కాబట్టి చాలా స్పాంజిలు శత్రువుల్ని రసాయనాలతోనే ఎదుర్కొంటాయి. వైద్యుల కన్ను ఆ రసాయనాల మీద పడింది. 1950ల్లో శాస్త్రవేత్త వెర్నర్ బెర్గ్‌మన్ ఫ్లోరిడా స్పాంజిలో కనుగొన్న పదార్థాలే రక్తక్యాన్సర్ మందు సైటారబిన్‌కు దారి చూపాయి. 1986లో జపాన్ స్పాంజిలో బయటపడ్డ హాలికాండ్రిన్ అనే పదార్థం కథ ఇంకా కష్టమైనది. అదే పదార్థం ఉన్న మరో స్పాంజిని న్యూజిలాండ్ తీరంలో టన్ను సేకరిస్తే చేతికొచ్చింది సుమారు 300 మిల్లీగ్రాములే. మందు కోసం అలా తోడుకుంటూ పోతే ఆ జాతి మిగలదు. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం ఆ అణువును ప్రయోగశాలలోనే తయారుచేసింది. దానిలో సగానికి కాస్త మార్పుచేసి రూపొందించిన ఎరిబులిన్‌కు 2010లో అమెరికాలో రొమ్ముక్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది. దాని తయారీకి సముద్రంలో ఒక్క స్పాంజినీ కోయక్కర్లేదు.