దుమ్ము పడితే కుంపటికి ఊపిరాడదు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందుల్లోకి ఇప్పుడు గ్యాసు మంట వచ్చేసింది గానీ, నా చిన్నప్పుడు ఆచారి ముందు మట్టి కుంపటే ఉండేది. పని మొదలుపెట్టే ముందు ఆయన బొగ్గుల్ని జల్లెట్లో వేసి ఆడించేవాడు. రేగ్గాయంత ముక్కలు కుంపట్లోకి, పొడి పక్కనున్న తట్టలోకి. పొడి కూడా బొగ్గే కదా, అదీ మండుతుంది కదా అని అడిగితే, "దుమ్ము పడితే కుంపటికి ఊపిరాడదు నాయనా" అన్నాడు. ఆ మాట వెనకున్న లెక్క నాకు ఇంజనీరింగు మూడో ఏడులో గానీ అర్థం కాలేదు.

రాళ్లో, బొగ్గులో, గింజలో కుప్పగా పోసి, వాటి సందుల్లోంచి గాలిని నెడితే ఈ వైపున్న పీడనం ఆ వైపు చేరేసరికి తగ్గిపోతుంది. తగ్గినంతా ఫ్యాను మోయాల్సిన బరువే. గాలి మెల్లగా పోతున్నప్పుడు నష్టమంతా గింజల ఒంటికి రాసుకోవడం వల్ల. వేగం రెట్టింపయితే నష్టమూ రెట్టింపు. ఫ్రాన్సులో డిజాన్ ఊరికి తాగునీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ, ఇసుకలో పారే నీటి మీద ఈ సంగతిని 1856లోనే ప్రచురించాడు. గాలి జోరందుకుంటే మాత్రం మలుపు మలుపుకీ సుళ్లు తిరుగుతుంది; వేగం రెట్టింపయితే నష్టం నాలుగింతలు. ఈ రెంటినీ ఒకే సూత్రంలో కలిపినవాడు టర్కీ నుంచి అమెరికా వెళ్లిన సబ్రి ఎర్గన్, 1952లో. అందులో 150, 1.75 అని రెండు అంకెలుంటాయి. అవి ఏ సిద్ధాంతం నుంచీ దిగి రాలేదు, వందల ప్రయోగాల్లోంచి ఏరినవి. డెబ్బై ఏళ్లు దాటినా ఇంజనీర్లు వాటినే పట్టుకుని బతుకుతున్నారు.

ఆ సూత్రంలో అన్నిటికన్నా కఠినమైనది ఖాళీ. ఒకే సైజు గుండ్రటి గింజలు గిన్నెలో పోస్తే, గోళీలయినా ఆవాలయినా సందులు నూటికి 40 పాళ్ల చుట్టుపక్కలే ఉంటాయి. ఖాళీ అంతే అయినా ఆవాలలో సందులు సన్నం, రాసుకునే ఒళ్లు ఎక్కువ. గింజ సైజు సగమైతే మెల్లటి గాలికి నష్టం నాలుగింతలవుతుంది. ఇక రెండు సైజులు కలిశాయా, అసలు కష్టం అప్పుడు మొదలు. గిన్నె నిండా చెనిక్కాయ విత్తనాలు పోసి, పైన గ్లాసుడు కొర్రలు వేసి తట్టి చూడండి. గిన్నె పొంగదు, కొర్రలన్నీ సందుల్లో మాయమవుతాయి. అంటే గాలికి ఉన్న దారి కాస్తా పూడిందన్నమాట. ఖాళీ 40 నుంచి 35 పాళ్లకు దిగితే, అయిదే కదా అనుకుంటాం. గింజ సైజు మారకపోయినా పీడన నష్టం 60 నుంచి 75 శాతం పెరుగుతుంది. 30కి దిగితే ఇంచుమించు మూడింతలు. ఆచారి తట్టలో పోసిన పొడి విలువ అదీ.

దీన్ని పెద్ద ఎత్తున చూడాలంటే ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల వైపు పోతే చాలు. ఎర్రగుంట్ల, చిలంకూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడింది కింద ఉన్న నార్జి సున్నపురాయి వల్ల. తిరిగే కొలిమి, అంటే కిల్న్‌లో 1,450 డిగ్రీల దగ్గర కాలిన సిమెంటు ముడిసరుకు, క్లింకరు, ఉండలు ఉండలుగా కూలరులోని కమ్మీల పలకల మీద పడుతుంది. సుమారు రెండడుగుల మందాన పరుచుకున్న ఆ ఎర్రటి పొర గుండా కింద నుంచి చల్లగాలి కొడతారు. పలకల కింద పీడనం కూడా దాదాపు రెండడుగుల నీటి మట్టమంత ఉంటుంది. కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి పొర మందం కంటికి కనిపించదు, ఆ పీడనమే చెబుతుంది. పీడనం పెరిగిందంటే పొర మందమెక్కినట్టు. పలకల కదలిక పెంచి పలుచన చేస్తాడు.

కిల్న్ తిరిగే తీరుకి సన్న క్లింకరు ఒక పక్క, గడ్డలు ఒక పక్క పడతాయి. గాలికి గడ్డల పక్కే సుఖం, అటే పోతుంది. సన్నపు పక్కకి గాలి చాలక, కూలరు పొడవునా ఎర్రటి చార ఒకటి నిగనిగలాడుతూ సాగుతుంది. దాన్ని ఫ్యాక్టరీల్లో 'రెడ్ రివర్' అంటారు. ఇందులో ఒక తిరకాసుంది. నూనె వేడెక్కితే పలచనవుతుంది, గాలికి మాత్రం వేడెక్కే కొద్దీ జిగట పెరుగుతుంది. మామూలు వేడి నుంచి 1,000 డిగ్రీలకు పోతే జిగట రెండున్నర రెట్లు దాటుతుంది, ఘనపరిమాణం నాలుగింతలు దాటుతుంది. కాబట్టి వేడిగా ఉన్న చోటు గాలిని ఇంకా వెనక్కి తోస్తుంది. చల్లదనం ఎక్కడ అవసరమో అక్కడికే గాలి రాదు.

ఫ్యాను జోరు పెంచితే సరిపోదా? పెంచితే, గాలి తోపుడు పొర బరువుకి సమానమయ్యే చోట సన్నపు పొడి లేచిపోతుంది. కుతకుతలాడే సంగటి మధ్యలో బుడగ పగిలి బొక్క పడినట్టు ఒకచోట తూటు పడి, గాలంతా అందులోంచే పోతుంది. అందుకే తెలివైన కూలర్లలో పలకల్లోనే ఇరుకు రంధ్రాలు పెట్టి, నష్టంలో కొంత అక్కడే జరిగేలా చేస్తారు. అప్పుడు పొరలోని హెచ్చుతగ్గుల మాట అంతగా చెల్లదు.

పులివెందుల అరటికీ ఇదే గొడవ. దూరపు నగరాల మాగబెట్టే గదుల్లో పెట్టెల మధ్య సందు వదిలితే గాలి ఆ సందునే పోతుంది, పెట్టె లోపలి కాయ తన ఊపిరి వేడికి తానే ఉడుకుతుంది. సందుల్ని మూసి, గాలిని పెట్టెల రంధ్రాల్లోంచే లాగితే గానీ కాయలన్నీ ఒక్కలా పండవు.

ఉక్కు కొలిమిదీ ఇదే కథ. జమ్మలమడుగు వాళ్లకు ఉక్కు ఫ్యాక్టరీ అనగానే శంకుస్థాపనలే గుర్తొస్తాయి: 2007, 2018, 2019, 2023. చివరి రెండూ సున్నపురాళ్లపల్లె దగ్గరే. బ్లాస్ట్ ఫర్నేసులోకి ఇనుప రాయి, కోక్ బొగ్గుతో పాటు పోయేదీ సున్నపురాయే మరి. అలాంటి ఫర్నేసులు విశాఖలో ఉన్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. ఫర్నేసులోని బురుజంత కుప్పలో కిందికి దిగేకొద్దీ ఇనుప రాయి మెత్తబడి ముద్దయిపోతుంది, గాలికి దారే ఉండదు. మెత్తబడనిది కోక్ ఒక్కటే. వేడి వాయువు కోక్ పొరల్లోంచి అడ్డంగా దూరి పైకి పోతుంది. కోక్ నలిగి పొడయిందా, ఫర్నేసుకి ఊపిరాడదు. ఇనుప రాయి పొడిని కూడా నేరుగా వెయ్యరు. కోక్ పొడి, సున్నం కలిపి కాల్చి గడ్డ కట్టించి 'సింటర్' చేశాకే పైకి పంపుతారు. జల్లెడకి దొరికిన పొడి మళ్లీ ఆ గడ్డలు కట్టే చోటికే వెనక్కి పోతుంది.

ఆచారి తట్టలోని పొడి ఏమయ్యేదో ఒకసారి పెరట్లోకి పోయినప్పుడు చూశాను. ఆయన భార్య దాన్ని బంకమన్నుతో, పేడతో పిసికి ఉండలు చేసి గోడ నీడన ఆరబెడుతోంది. ఎండినవి నీళ్ల పొయ్యికి.