బూజు పట్టిన ధమనికి చికిత్స

సైకిలు టైరు ఒకచోట చిరిగినచో లోపలి ట్యూబు అక్కడనే బుడగవలె పైకుబుకును. ధమనులకును ఇట్టి అవస్థ కలుగవచ్చును. గోడ బలహీనపడినచోట రక్తపు ఒత్తిడికి నాళము ఉబ్బును. దీనినే వైద్యులు అన్యూరిజం అందురు. ఉబ్బినకొలది గోడపై లాగుడు హెచ్చును. లాగుడు హెచ్చినకొలది ఇంకను ఉబ్బును. తుదకు పగులవచ్చును.

సూక్ష్మజీవుల వలన కలుగు ఉబ్బులకు 1885లో విలియం ఆస్లర్ 'మైకాటిక్' అని పేరు పెట్టెను. అనగా శిలీంధ్ర సంబంధమైనవని అర్థము. కాని వీనిలో హెచ్చుభాగమునకు కారణము బాక్టీరియాయే! తప్పుదారి పట్టించు పేరైనను నేటికిని నిలిచియున్నది. నిజముగా శిలీంధ్రము వలన కలుగునవి అరుదు. కాని మిక్కిలి ప్రమాదకరములు.

తడిసిన వేరుసెనగలకు పట్టు బూజులలో ఆస్పర్జిల్లస్ ఒకటి. దాని బీజములను మనమందరము నిత్యము పీల్చుచునే యుందుము. ఆరోగ్యవంతుని రక్షకకణములు వానిని హరించును. మధుమేహము అదుపు తప్పినవారిలోను, స్టెరాయిడ్ మందులు చాలకాలము వాడినవారిలోను ఆ రక్షణ సడలును. అప్పుడు ముక్కు వెనుకనున్న ఎముక గదులలో బూజు నాటుకొని, పలుచని ఎముకను దాటి, ప్రక్కనే పోవు కెరోటిడ్ ధమని గోడలోనికి దారములు చొప్పించును. 2021లో కోవిడ్ వెంట మన దేశమున ప్రబలి, 'బ్లాక్ ఫంగస్' అని పేరుపడిన మ్యూకర్ జాతి శిలీంధ్రములును రక్తనాళములనే పట్టుకొనును.

ఆస్పర్జిల్లస్‌కు వొరికొనజోల్ మంచి మందు. అది మ్యూకర్‌పై పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్-బి ఈయవలెను. కావుననే చెడిన భాగమునుండి ముక్క తీసి, ఏ బూజో ముందుగా తేల్చుకొందురు. ఆంఫోటెరిసిన్ శిలీంధ్రకణపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టి ఆ పొరను చెరచును. మన కణములలో దానికి బదులు కొలెస్టెరాల్ ఉండుటచే అవి చాలవరకు తప్పించుకొనును. మూత్రపిండములకు మాత్రము బాధ కలుగును. మందును సూక్ష్మమైన కొవ్వు బుడగలలో ఇమిడ్చి ఇచ్చినచో ఈ బాధ తగ్గును.

మందు బూజును చంపును గాని, అది తినివేసిన గోడను తిరిగి కట్టలేదు. ఈ ఉబ్బు తరచుగా కండెవలె నాళము చుట్టును వ్యాపించియుండుటచే, క్లిప్పు బిగించుటకు మెడ యుండదు. అందుచేత తొడలోని ధమనిగుండ సన్నని గొట్టము పంపి, ప్లాటినం తీగచుట్టలతో ఆ నాళమునే మూసివేయుదురు.

మరి మెదడునకు రక్తమెట్లు చేరును? మెదడు అడుగున ధమనులు వలయముగా కలిసియుండును. ఒకవైపు మూసినను రెండవవైపునుండి రక్తము రాగలదు. అయితే ఈ వలయము అందరిలోను పూర్తిగా ఉండదు. కావున ముందుగా చిన్న బెలూనుతో నాళమును కొంతసేపు మూసి, మెలకువతోనున్న రోగిని మాట్లాడించి, చేతులెత్తించి చూతురు. మాట తడబడినను, చేయి వాలినను బెలూనులోని ద్రవమును వెంటనే తీసివేయుదురు. అట్టివారికి వేరొక నాళమును కలిపికుట్టి, రక్తమునకు క్రొత్తదారి కల్పించిన పిదపనే మూయుదురు.

నాళము మూసినను ముక్కు వెనుకనున్న బూజు అక్కడనే యుండును. దానిని శస్త్రచికిత్సతో తొలగించి, మందును నెలల తరబడి వాడుదురు; మరొకచోట ఉబ్బు పుట్టినదేమో యని నడుమ నడుమ నాళముల చిత్రములు తీయుచుందురు.