పాత జీపుకు బ్రేకు షూలు: రెండు పక్కలా మార్చితేనే క్షేమం

రెండెకరాల మిరప రైతు ఒకాయన మూడు చేతులు మారిన పాత జీపు కొన్నాడు. తన పంటతో పాటు ఇరుగు పొరుగు వాళ్ల బస్తాలు కూడా మార్కెట్టుకు తోలితే నాలుగు రూపాయలు వస్తాయని ఆశ. ముందు కుడి చక్రంలో గరగరమని చప్పుడు వస్తే ఆ ఒక్క చక్రానికే కొత్త షూలు వేయించాడు. మిగతావి పంట డబ్బులు వచ్చాక చూద్దాంలే అనుకున్నాడు. వారం తిరక్కుండానే కాలవకట్ట మీద గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే బండి ఒక్కసారిగా కుడికి లాగేసింది. తుమ్మచెట్టు అడ్డుపడబట్టి సరిపోయింది గానీ లేకుంటే బస్తాలతో సహా కాలవలోనే!

మన దేశంలో మహీంద్రా వారు విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది 1947లో. ఆ వరుసలో వచ్చిన పాత బళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. షూలు ఒక పక్క కొత్తవి, రెండో పక్క అరిగినవి ఉంటే పట్టు సమంగా ఉండదు, బండి ఒక పక్కకు లాగుతుంది. అందుకే ముందు మారిస్తే ముందు రెండు చక్రాలకూ, వెనక మారిస్తే వెనక రెండింటికీ ఒకేసారి మార్చాలి.

ఎప్పుడు మార్చాలి?

లైనింగు అరిగి రివిట్ల తలలు పైకి తేలేదాకా ఆగకూడదు. అవి డ్రమ్మును గీరేస్తాయి. అప్పుడు షూల ఖర్చుకు తోడు లేతు ఖర్చు కూడా పడుతుంది. గ్రీజు గానీ బ్రేకు ఆయిలు గానీ పీల్చుకున్న లైనింగు ఎంత రుద్దినా పనికిరాదు. తీసి పారేయాల్సిందే.

జాకీ పెట్టే ముందు

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పాత నమూనా జీపుల్లో హ్యాండు బ్రేకు చక్రాలను పట్టదు, వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టును పడుతుంది. వెనక చక్రం ఒకటి పైకి లేపితే ఆ చక్రం గాలిలో తిరిగి, నేల మీదున్న రెండో చక్రం దొర్లిపోతుంది. హ్యాండు బ్రేకు వేశాం కదా అని బండి కిందకు దూరారో ప్రాణం మీదికి వస్తుంది. చదునైన గట్టి నేల మీద నిలిపి, నేల మీది చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మక, ఇరుసు కింద గట్టి దుంగ కూడా ఊతం ఇవ్వండి.

కొన్ని పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లు ఎదురు మరలవి. అవి ఊడాలంటే కుడివైపుకు తిప్పాలి. తెలియక బలం పెడితే బోల్టు తెగుతుంది.

విప్పడం, బిగించడం

1. చక్రం తీశాక వెనక ప్లేటు మీది సర్దుబాటు బోల్టులు వదులు చేస్తే డ్రమ్ము తేలిగ్గా వస్తుంది. వెనక హబ్బు బిగుసుకుని ఉంటే సుత్తితో బాదవద్దు. పుల్లరు ఉన్న మెకానిక్కును పిలవండి.

2. లోపలి దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి.

3. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి. స్ప్రింగు ఎక్కడిదో మరిచిపోతే రెండోది చూసుకోవచ్చు.

4. డ్రమ్ము తీసి ఉండగా పెడలు తొక్కితే వీల్ సిలిండరు పిస్టన్లు బయటికి దూకుతాయి. సిలిండరును తీగతో కట్టి ఉంచండి. రబ్బరు తొడుగు కింద తడి కనబడితే కిట్టు మార్చండి. లేకపోతే కొత్త షూలు కూడా ఆయిలు తాగేస్తాయి.

5. రెండు షూలలో లైనింగు పొడవు తేడా ఉంటే పొడవుది బండి ముందు వైపుకు రావాలి. చేతి గ్రీజు లైనింగుకు అంటనీయవద్దు.

6. డ్రమ్ము ఎక్కించి, చక్రం తిప్పుతూ ఒక్కో బోల్టూ బిగించండి. షూ పట్టిందని తెలియగానే, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా కొద్దిగా వదలండి.

గాలి తీయడం

పెడలు మెత్తగా దిగుతుంటే గొట్టాల్లో గాలి ఉందన్నమాట. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. డబ్బాలో ఆయిలు అయిపోకుండా పోస్తుండాలి. బ్రేకు ఆయిలుకు బదులు ఇంజను ఆయిలు పోశారంటే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఈ పాత జీపుల్లో గొట్టం లైను ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

లోడు ఎత్తే ముందు

ఖాళీ బండిని చదును నేల మీద నెమ్మదిగా తోలుతూ బ్రేకు చూడండి. పక్కకు లాగితే మళ్లీ సర్దాలి. కొంతదూరం పోయాక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కినది పట్టేస్తున్నట్టు లెక్క. షూలు డ్రమ్ముకు కుదిరేదాకా కొన్నాళ్లు బరువు తగ్గించి తోలండి.

ఈ పని చెయ్యి తిరగనివాళ్లు మెకానిక్కుకే ఇవ్వడం మంచిది. అయితే పక్కన నిలబడి, షూలు రెండు పక్కలా మారాయో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. జత షూల ఖరీదు బరువే అనిపించొచ్చు. కానీ ఆ బండిలో పోయేది బస్తాలే కాదు, మన ఇంటి మనుషులు కూడా.